ఆరేళ్ళవాడి పళ్ళ సెట్టు

హైదరాబాద్‌లోని ఓ దంత వైద్య కళాశాల పిల్లల విభాగానికి వెళ్ళేసరికి బెంచీలన్నీ నిండిపోయాయి. నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఓ తల్లి, పక్కన ఆరేళ్ళ కొడుకు. పల్చటి జుట్టు, చేతిలో నీళ్ళ సీసా, మెడచుట్టూ తడి తువ్వాలు. వాడికి చెమట పట్టదు, ఎండలో నాలుగడుగులు వేస్తే ఒళ్ళు కాలిపోతుంది.

నోరు తెరిస్తే పైన మొనదేలిన రెండు పళ్ళు. కింద ఒక్కటీ లేదు. ఎక్స్‌రేలో చిగుళ్ళ లోపలా మొలకలు లేవు. పుట్టుకతోనే జుట్టు, పళ్ళు, చెమట గ్రంథులు సరిగా ఏర్పడని లోపం ఇది, పేరు ఎక్టోడర్మల్ డిస్‌ప్లేసియా. డార్విన్ సింధ్‌లోని ఓ కుటుంబంలో నాలుగు తరాల్లో పదిమంది మగవాళ్ళకు ఉందని రాసింది ఇలాంటి లోపం గురించే. ఎక్కువగా కనిపించే రకంలో లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగపిల్లల్లోనే తీవ్రంగా బయటపడుతుంది. తల్లి నవ్వితే చూశాను, ఆమెకూ ఒక పన్ను తక్కువే. ఇందులో ఆమె తప్పేమీ లేదు.

“పెద్దయ్యాక పెట్టిద్దామన్నరు మేడం అందరూ. వీడేమో బడికి పోనంటడు” అందామె.

“ఇంప్లాంట్లకైతే మామూలుగా ఎదుగుదల ఆగాలమ్మా. అవి ఎముకకు అతుక్కుపోతాయి, దవడతోపాటు కదలవు. సెట్టుకు ఆగక్కర్లేదు. దవడ పెరిగేకొద్దీ మార్చుకుంటూ పోదాం” అన్నారు డాక్టరమ్మ.

మైనం మీద పేర్చిన పళ్ళను వాడి నోట్లో పెట్టి చూశారు. పైది నిలిచింది, కిందది జారింది. తడి గాజుపలకలు రెండు ఒకదానికొకటి అతుక్కున్నట్టు, సెట్టుకీ చిగురుకీ మధ్య పల్చటి ఉమ్మి పొర ఉండాలి. వాడికి ఆ ఉమ్మే తక్కువ. కింద చిగురు కూడా కత్తి అంచులా సన్నం. పొడినోట్లో సెట్టు ఒరుసుకుంటే పుండ్లు పడతాయి, ఉన్న రెండు పళ్ళూ తొందరగా పుచ్చిపోతాయి. నేను ఇంతకాలం లేని పళ్ళ గురించే ఆలోచించాను గానీ ఎండిన నోటి గురించి ఆలోచించలేదు.

ఉమ్మి ఊరుతుందని ఇంట్లో చక్కెర బిళ్ళలు ఇస్తున్నారట. డాక్టరమ్మ వాటిని మాన్పించారు. మాటిమాటికీ గుక్కెడు మంచినీళ్ళు, ఫ్లోరైడ్ పేస్టు, మూడు నెలలకోసారి ఫ్లోరైడ్ పూత. రాత్రి సెట్టు తీసి, కడిగి, నీళ్ళలో వేయాలి. మొనదేలిన పళ్ళకు కాంపోజిట్ అద్ది, నీలిరంగు వెలుగుతో గట్టిపరిచి, మామూలు పళ్ళ రూపు తెచ్చారు. వాడు అద్దం చాలాసేపు వదల్లేదు.

ఏడాదిన్నర దాటినా మీ బిడ్డకు ఒక్క పన్నూ రాకపోతే, చెమట కూడా పట్టకపోతే, ఆలస్యంగా వచ్చిన పళ్ళే గట్టివని ఎవరన్నా ఆగకండి. పిల్లల దంత వైద్యులకు చూపించండి.