కొల్లేటి గట్టున ఒక రాత్రి

గత మాఘమున మండవల్లి చేరువ, కొల్లేటి యంచున, ఒక మిత్రుని జిరాయితీ పొలముగట్టుపై గుడారము వేసికొని రాత్రి గడపితిమి. మూడురాళ్ల పొయ్యి, తుంగచాప, పైని నక్షత్రములు. ఇంతియే మా సంపద. ప్రకృతివర్ణనలను బడిలో వల్లెవేయించు మాకు అసలు పాఠ మచ్చట దొరకినది.

వంటకై చెంబు ముంచబోగా కావలివాడు వారించెను: “పనికిరావండి మాస్టారూ. మా తాత దోసిలితో తాగేవాడు. మేం టిన్ను కొనుక్కుంటన్నామండి.”

కొల్లేటిని 1999లో అభయారణ్యమనిరి. 2002లో రామ్‌సర్ పట్టికకెక్కించిరి. 2006లో చేపలచెరువుల గట్లు తెగగొట్టిరి. అయినను బుడమేరు, తమ్మిలేరు పట్టణముల మురుగును మోసికొని వచ్చుచునే యున్నవి. అందు మా యేలూరి వాటాయు గలదు.

తెల్లవారి బూడిద పూడ్చి, చెత్త మూటగట్టుకొని మరలితిమి. ఆ మూట తేలికయే. మా యింటి తూమునుండి పోవుదానిని మోయువా రెవరో విద్యార్థులకు ముందుగా చెప్పవలసియున్నది.