పుట్టీ కింది తుప్పు

అన్నగారు కన్నుమూసిన తరువాత ఆయన మారుతీ 800 కారు ఎనిమిది మాసాలు ఇంటి ముందు కదలకుండా ఉండిపోయింది. అది 1994 నాటి బండి. దానిని అమ్మి, వచ్చిన సొమ్ముతో కూతురి కళాశాల రుసుము చెల్లించాలన్నది వదినగారి ఆలోచన. బాగుచేయడానికి మెకానిక్ అడిగిన మొత్తం మా శక్తికి మించినది. మదరసాకు సెలవులు కావడంతో నేను, అన్నగారి కుమారుడు స్వయంగా పనికి పూనుకున్నాము.

ముందుగా కార్బురేటరు విప్పాము. నిలిచిపోయిన పెట్రోలు ఆవిరై, మిగిలిన జిగురు జెట్ల సన్నని రంధ్రాలను మూసివేసింది. వాటిని శుభ్రపరచి, కొత్త బ్యాటరీ అమర్చగానే ఇంజను పలికింది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది గనుక పాతది తీసివేసి కొత్తది నింపాము. ప్రాణాలతో ముడిపడిన విషయం కాబట్టి బ్రేకులను మాత్రం మెకానిక్ చేత పరీక్ష చేయించాము.

అసలు పరీక్ష మ్యాటు ఎత్తినప్పుడు ఎదురైంది. ముందు సీట్ల వద్ద ఇరువైపులా అడుగు రేకు తుప్పు పట్టి, వేలు ఆనిస్తే పొడిగా రాలుతోంది.

“బాబాయ్, పుట్టీ పెట్టి, రంగు వేసి, మ్యాటు పరిచేద్దాం. కొనేవారికి కనబడదు” అన్నాడు అబ్బాయి.

వెంటనే మందలించలేకపోయాను. తగ్గే ప్రతి రూపాయీ తండ్రి లేని పిల్ల చదువులో తగ్గుతుంది. సరుకులోని లోపాన్ని దాచరాదని ఏళ్ల తరబడి విద్యార్థులకు బోధించినవాణ్ణి నేను. ఆ పాఠం ఇంత బరువైనదని ఆనాడే తెలిసింది.

“పుట్టీ తుప్పును ఆపదు నాయనా! దాని కింద తేమ చిక్కుకుని, తుప్పు లోలోపలే పాకుతుంది. గట్టి రేకు తగిలేదాకా కోసి, కొత్త రేకు అతికించి, ప్రైమరు పూయాలి” అన్నాను. చేతిలో ఉన్న డబ్బుతో డ్రైవరు వైపు మాత్రమే వెల్డింగు చేయించగలిగాము.

కొనేవారు వచ్చినప్పుడు నేనే రెండవ వైపు మ్యాటు ఎత్తి చూపించాను. ఆయన ఆరు వేలు తగ్గించారు. అబ్బాయి ముఖం చిన్నబోయింది. బేరం ముగిసి ఆయన లేవబోతుండగా వాడే ముందుకు వచ్చి, “వెనుక తలుపు అడుగున కూడా తుప్పు ఉంది, ఒకసారి చూడండి” అన్నాడు.

అది నేను మరచిపోయిన సంగతి.