మోత కాదు, రోజు పోతంది

సంపాదకుడు అడిగింది శబ్ద కాలుష్యం మీద రెండు పేజీలు. ఒడిశాలోని బరంపురం ఇప్పుడు గోపాల్‌పూర్ రోడ్డు పట్టుకుని సముద్రం వైపు పాకుతోంది. అక్కడి కొత్త ఇళ్లవాళ్లకి పక్కనే గోళబంధ ఫైరింగు రేంజిలో సైన్యం కాల్పుల మోత పడటం లేదట, వెళ్లి చూసి రమ్మన్నాడు.

వెళ్లాను. రిటైరైన బ్యాంకు మేనేజరు ఒకాయన కాఫీ ఇచ్చి, కిటికీ అద్దం మీద చెయ్యి పెట్టి, ఎలా అదురుతుందో వివరించారు. మనవడు నిద్రలో ఉలిక్కిపడుతున్నాడట. ఇల్లు కొనేముందు తెలియదా అని అడిగితే, "లేఅవుట్ వాడు సముద్రపు గాలి వస్తుందన్నాడండీ, ఫిరంగుల సంగతి చెప్పలేదు" అన్నారు. నాకు నవ్వొచ్చింది గానీ జాలి రాలేదు.

ఆ ఫిరంగులు ఆయనకంటే ముందు నుంచీ అక్కడున్నాయి. శత్రు విమానాల్ని నేల మీంచి కూల్చే విద్య నేర్పే సైనిక పాఠశాల 1989లో దేవలాలీ నుంచి గోపాల్‌పూర్ వచ్చింది. ఇవాళ్టి ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ అదే. పైలట్ లేని చిన్న విమానాన్ని సముద్రం మీద ఎగరేసి, ఒడ్డు నుంచి గురి చూసి కొట్టడం అక్కడి చదువు. 40 మిల్లీమీటర్ల ఎల్-70 తుపాకి నిమిషానికి 240కి పైగా గుళ్లు వదులుతుంది. 2025 మేలో పశ్చిమ సరిహద్దులో డ్రోన్లను కూల్చింది ఈ పాత తుపాకులేనని పత్రికలన్నీ రాశాయి. ఆ నెల 13నే డ్రోన్ల గుంపుల్ని కొట్టే భార్గవాస్త్రం చిన్న రాకెట్లను ఇక్కడి రేంజిలోనే పరీక్షించారు. అప్పుడు చప్పట్లు కొట్టి, ఇప్పుడు కిటికీ అద్దం కోసం రేంజిని ఎత్తేయమంటే కుర్రాళ్లు గురి ఎక్కడ నేర్చుకోవాలి?

రేంజి లోపలికి వెళ్లే ప్రయత్నం చెయ్యలేదు. ఒడ్డున పల్లెకు పోయాను. ఈ తీరం పొడవునా వాడబలిజలూ జాలర్లే ఎక్కువ. ఇంట్లో తెలుగు, సంతలో ఒడియా.

పడవ నీడలో ఒక ముసలాయన వల బాగు చేస్తున్నాడు. వల అంచు కాలి బొటనవేలికి తగిలించి, చిరిగినచోట ముందు ఇంకా కాస్త కోశాడు. బాగున్న కన్నుల్ని ఎందుకు కోస్తున్నావు తాతా అంటే, "అంచు తిన్నగుంటేనే బాబూ ముడి నిలబడీది" అన్నాడు. ఎడమచేతి వేలిని కొలతగా పెట్టి, కుడిచేత్తో సూది తిప్పి, దారం బిగించేటప్పుడు మాత్రం పెదవి కొరికేవాడు. వేళ్ల సందుల్లో నైలాను దారం కోసిన గాట్లు, పాతవాటి మీద కొత్తవి. కన్ను తర్వాత కన్ను, ఒక్కటీ వంకర పోలేదు. నేను వచ్చిన పని మరిచిపోయి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

మోత గురించి అడిగితే తల కూడా ఎత్తలేదు. "మోత మాకేటి సేత్తది? సంద్రం మోతకంటే పెద్దదేటి? మోత కాదు, రోజు పోతంది. ఫైరింగుందీ, ఎల్లొద్దంతారు. ఆ రోజు కూలెవుడిత్తాడు?"

ఆయన లెక్క నేను కాగితం మీద పెట్టుకున్నాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా ఇంజను పడవలకు వేట నిషేధం. నవంబరు 1 నుంచి మే 31 దాకా ఋషికుల్య నది మొగ దగ్గర 20 కిలోమీటర్ల దాకా తాబేళ్ల కోసం మోటారు పడవలకు ఆంక్షలు. మధ్యలో వాయుగుండాలు. మిగిలిన మంచి రోజుల్లోంచి ఫైరింగు రోజులు తీసెయ్యాలి. ఒక్కో నిషేధానికీ ఒక్కో కారణం ఉంది, కాదనను. కానీ అన్నీ కలిపితే ఒక పడవకు ఏడాదిలో ఎన్ని రోజుల సముద్రం మిగిలిందో ఏ ఆఫీసూ కూడి చెప్పదు. ఫిషరీస్ వాళ్ల కాగితం వేరు, అటవీ శాఖది వేరు, సైన్యానిది వేరు.

తాబేళ్ల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. ఒడిశా తీరంలోనే ఉన్న అబ్దుల్ కలాం దీవిలో క్షిపణి పరీక్షల్ని అవి గుడ్లు పెట్టే జనవరి నుంచి మార్చి దాకా ఆపాలని 2024 డిసెంబరులో నిర్ణయించారు. మంచి పనే. అదే ఏడాది జులైలో చాందీపూర్ పరీక్షకు చుట్టుపక్కల పల్లెల్ని ఖాళీ చేయించినప్పుడు పెద్దవాళ్లకు రోజుకు 300 రూపాయలిచ్చారు. అంటే ఆగడమూ తెలుసు, రోజుకు వెల కట్టడమూ తెలుసు. సీజను మొదట్లోనే ఫైరింగు తేదీలు పల్లెల్లో తెలుగులో అంటించడం, పోయిన వేటరోజుకు డబ్బు కట్టివ్వడం అంత కష్టమా?

ఇక్కడ కుదరకపోతే ఇంకోచోటికి పోవచ్చుగా అనేవాళ్లుంటారు. ఎటు పోతారు? ఆర్జిపల్లి దగ్గర రేవు కట్టారు. ఛత్రపురం పక్క ఇసుక ఖనిజాల కర్మాగారం. ఋషికుల్య దగ్గర పొడంపేటను సముద్రమే మింగింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను ఒడ్డు దాటింది కూడా గోపాల్‌పూర్ దగ్గరే. రేంజి మీద ఇళ్ల ఒత్తిడి అని మనం రాస్తున్నాం గానీ, రేంజికి చుట్టూ కంచె ఉంది, వెనక ఢిల్లీ ఉంది. పల్లెకు రెండూ లేవు. మేనేజరుగారికి కనీసం కలెక్టరు నంబరుంది.

తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు మీద చేపల గంప దించి కూర్చున్న ఒకామె దగ్గర ఆగాను. ఫైరింగు వారంలో బేరం ఎలా ఉంటుందమ్మా అని అడిగాను.

"సరుకేదీ బాబూ? ఉన్న నాలుగు సందువాలకీ రేటు సెప్తే, ఆ మేడలోలు నాను దోసుకుంతన్నానని తిడతన్నారు."