దూలగొండి

చిలకలూరిపేటకూ మార్టూరుకూ నడుమ నల్లరేగడి పల్లె మాది. మిరపకాయలు కోసిన చేతుల మంట మా ఇళ్ళలో చుట్టం వంటిది, దానికి పెరుగున్నది. పిల్లలమంతా నిజంగా భయపడినది పడమటి డొంకలో ముళ్ళకంప మీద అల్లుకొన్న దూలగొండికి.

ఊదారంగు పూలు గుత్తులుగా వేలాడుతాయి. పత్తి తీసే రోజులకు వంకర తిరిగిన కాయలు, వాటినిండా గోధుమవన్నె నూగు. చూపుకు పట్టుగుడ్డే! అది ఎండితే గాలివాలున నడిచేవాడిని కూడా వదలదు. నా పదకొండవ ఏట బంతి కోసం ఆ కంపలో చెయ్యి పెట్టాను. అమ్మమ్మ నా రెండు చేతులూ గట్టిగా పట్టుకొని, గోకనివ్వకుండా, తడిపేడ దట్టంగా పట్టించి, ఆరిన తరువాత పెళ్ళలుగా ఊడదీసింది. నూగు దానితోపాటే వచ్చింది. "నోటిదూల చాలదని చేతిదూల కూడానా!" అని ఒకటి అంటించింది కూడా.

ఇంగ్లీషు పుస్తకాలలో నెటిల్ అని చదివినప్పుడల్లా ఇదే కాబోలు అనుకొనేవాణ్ణి. కాదు. అది హిమాలయాలలో, ఐరోపాలో పెరిగే చలినేలల మొక్క. లేత ఆకు వండుకొని తింటారు. మొదటి ప్రపంచయుద్ధంలో నూలు కరవైన జర్మనులు దాని నారతో సైనికులకు దుస్తులు నేయించారు. మనది చిక్కుడు కుటుంబపు తీగ. దీని నూగులో మ్యుకునైన్ అనే ఎంజైము ఉన్నది. అది చర్మంలో ఏ గ్రాహకాలను తట్టి దురద పుట్టిస్తుందో తేల్చిన 2008 నాటి పరిశోధనా వ్యాసంలో మొదటి రచయిత పేరు రెడ్డి. చిన్నతనంలో వారు ఏ డొంకలో పడ్డారో అని నవ్వుకొన్నాను. ఒకప్పుడు ఐరోపా వైద్యులు ఈ నూగునే తేనెలో కలిపి, కడుపులో పురుగులకు మందుగా మింగించేవారట!

సంస్కృతంలో దీని పేరు ఆత్మగుప్త, తన్ను తాను కాచుకొనేది. కాచుకొనవలసిన సొత్తు గింజలోనే ఉన్నది. అందులో ఇంచుమించు నాలుగవవంతు మాంసకృత్తులే. అయినా నీళ్ళు మార్చి మార్చి ఉడికించి వార్చకుండా తినరాదు. కారణం ఎల్-డోపా. 1937లో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు మద్రాసులో ఈ గింజల నుండి దానిని వేరుచేశారు. గుంటూరు అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనిదే. పార్కిన్సన్ రోగులకు అదే పదార్థం పెద్ద మోతాదులో ఇచ్చి అమెరికాలో కోట్జియాస్ ఫలితం చూపించేసరికి 1967 వచ్చింది. ఆయుర్వేదంలో కంపవాతానికి ఈ గింజ అంతకు ఎన్నడో వాడుకలో ఉన్నది.

ఇదంతా నేను కుతూహలం కొద్దీ చదవలేదు. నాలుగేళ్ళ క్రితం మా నాన్నగారికి కుడిచెయ్యి వణకసాగింది. గుంటూరులో డాక్టరుగారు పార్కిన్సన్ అని చెప్పి మాత్రలు రాశారు. ఒక బంధువు దూలగొండి పొడి పొట్లం తెచ్చి ఇచ్చాడు. నాన్నగారు నాకు చెప్పకుండా మాత్రలతోపాటు అదీ వేసుకొన్నారు. నాలుగవ నాటికి వాంతులు. వణుకు పోయి, దాని చోట చేతులు, మెడ తమంతట తాము మెలికలు తిరగడం మొదలైంది.

"మాత్రలో ఉన్నదీ ఇదేనటగదరా?" అన్నారు.

నిజమే, అదే చిక్కు. 2004లో లండనులో ఎనిమిదిమంది రోగులకు 30 గ్రాముల పొడి ఇచ్చి చూస్తే, మాత్రకంటె త్వరగా పనిచేసింది. కాని అక్కడ తూచి, కొలిచి ఇచ్చారు. మా పొట్లం మీద ఎల్-డోపా ఎంతో రాసి లేదు. మందు రెట్టింపు అవుతున్నదో, మూడింతలు అవుతున్నదో చెప్పగలవారు లేరు. డాక్టరుగారు కసరలేదు, పొట్లం తీసుకొని చూసి, "ఏదో ఒకటే, అదీ కొలిచి" అన్నారు. పొడి మానిన వారానికి మెలికలు తగ్గాయి. వణుకు తిరిగి వచ్చింది, కొంచెం.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు డొంకదాకా నడుద్దామన్నారు. చొక్కా బొత్తాలు నేనే పెట్టాను. తీగ అక్కడే ఉన్నది, కాయలు ఎండి. దగ్గరగా చూద్దామని ఒక అడుగు వేశాను. వణికే చేత్తోనే నా భుజం పట్టి వెనక్కు లాగారు.

"అటు పోకురా, గాలి ఇటే కొడుతున్నది."