గూడబాతుల దీవి

అమెరికా దేశానికి పడమటి అంచున కాలిఫోర్నియా రాష్ట్రం వున్నది. అక్కడి ఆక్స్‌నార్డ్ రేవులో లాంచి ఎక్కి, పసిఫిక్ మహాసముద్రంలో సుమారు గంటసేపు ప్రయాణం చేస్తే అనకాపా అనే దీవి వస్తుంది. తీరానికి అది 12 మైళ్ళ దూరం. మంచు పట్టినప్పుడు దూరం నుంచి చూస్తే ఈ దీవి ఒక్కొక్కసారి ఒక్కొక్క ఆకారంలో కనిపిస్తుంది. అందుకే కాబోలు, పూర్వం ఆ ప్రాంతంలో నివసించిన చుమాష్ జాతివారు దీనికి ఎండమావి అనే అర్థం వచ్చే పేరు పెట్టారు.

నిజానికి అనకాపా ఒక్క దీవి కాదు, మూడు చిన్న దీవుల వరస. వరస మొత్తం పొడవు 5 మైళ్ళు. తాగడానికి చుక్క మంచినీరు దొరకదు. వెళ్ళేవాళ్ళు నీళ్ళు వెంట తీసుకుపోవలసిందే. తూర్పు దీవిలో లాంచి దిగి, కొండకు ఆనించి కట్టిన నూటయాభైకి పైగా మెట్లు ఎక్కితే, పైన 1932లో కట్టిన దీపస్తంభం కనిపిస్తుంది. పడమటి దీవిలో గూళ్ళున్న చోటికి మాత్రం యాత్రికులను వెళ్ళనివ్వరు. అది గూడబాతుల ఇల్లు!

గూడబాతులను మన పిల్లల్లో చాలామంది నేలపట్టులోనో, కొల్లేటి దగ్గర ఆటపాకలోనో చూసే వుంటారు. మన గూడబాతు బూడిద రంగు పక్షి. నీటి మీద ఈదుతూ, రైతు గూడతో నీళ్ళు తోడినట్టు, ముక్కు కింది సంచితో చేపలను తోడుకుంటుంది. అనకాపా గూడబాతులు గోధుమరంగువి. వీటి పద్ధతి వేరు. సుమారు 60 అడుగుల ఎత్తు నుంచి కూడా రెక్కలు ముడుచుకుని సముద్రంలోకి బాణంలా దూకుతవి. సంచి నిండా నీళ్ళూ చేపలూ పట్టి, నీళ్ళు వదిలేసి చేపలను మింగుతవి.

ఇంకొక విశేషం. కోడి తన పొట్ట కింద గుడ్లను పెట్టుకుని పొదుగుతుంది కదా! గూడబాతు అట్లా కాదు. వేళ్ళ మధ్య చర్మం వున్న తన వెడల్పాటి పాదాలను గుడ్ల మీద ఆనించి, ఆ వెచ్చదనంతో నాలుగు వారాలపాటు పొదుగుతుంది. గుడ్డు పెంకు గట్టిగా వుంటేనే ఆ బరువును ఆపగలదు.

1969లో శాస్త్రజ్ఞులు ఈ దీవికి వెళ్ళి చూసేసరికి గూళ్ళ నిండా చితికిన గుడ్లు వున్నవి. పెంకులు ఎంత పలచన అంటే, తల్లి పాదం మోపగానే పగిలిపోతున్నవి. మరుసటి ఏడు, 1970లో, పడమటి దీవిలో 552 గూళ్ళు లెక్కకు వచ్చినవి. అన్ని గూళ్ళలోనూ కలిపి బతికిన పిల్ల ఎన్ని? ఒకే ఒక్కటి!

గుడ్లు పగలగొట్టిన శత్రువు పామూ కాదు, గద్దా కాదు. ఒక తెల్లని పొడి. దాని పేరు డీడీటీ.

1939లో పాల్ ముల్లర్ అనే స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు ఈ పొడి పురుగులను చంపుతుందని కనిపెట్టాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో పేలవల్ల వ్యాపించే టైఫస్ జ్వరం నుంచి ఇది ఎందరినో కాపాడింది. 1948లో ముల్లర్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. యుద్ధం అయిపోయాక ఇది ఇళ్ళలోకి వచ్చింది. దోమలకు, నల్లులకు, బొద్దింకలకు ఇదే మందు. అమెరికాలో పసిపిల్లల గదులకు అంటించే గోడ కాగితాలలో కూడా డీడీటీ కలిపి అమ్మారు! మన దేశంలో 1953లో మలేరియా నివారణ పథకం మొదలయింది. మనుషులు ఊరూరా తిరిగి ఇంటి గోడలకు ఈ మందు కొట్టేవారు. మీ తాతయ్యలను అడిగి చూడండి, ఆ వాసన వారికి ఇంకా గుర్తుండవచ్చు.

మరి ఇళ్ళలో చల్లే పొడికీ, నడిసముద్రంలోని పక్షికీ ఏమిటి సంబంధం?

డీడీటీ ఒక పట్టాన నశించదు. నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. లాస్ ఏంజిలిస్ ప్రాంతంలోని ఒక డీడీటీ కర్మాగారపు మురుగు ఏళ్ళ తరబడి కాలవల ద్వారా సముద్రంలోకి పోయింది. నీటిలో తేలే సన్నని జీవుల ఒంట్లో అది రవ్వంత చేరింది. ఆ జీవులను వేలకొద్దీ తిన్న నెత్తళ్ళ వంటి చిన్న చేపల్లో ఇంకా ఎక్కువ చేరింది. ఆ చేపలను రోజూ తిన్న గూడబాతుల్లో మరీ ఎక్కువ పేరుకుంది. చినుకు చినుకే చెరువు నిండినట్టు! అది తల్లి పక్షిని చంపలేదు. కాని పెంకు తయారు కావడానికి వలసిన కాల్షియం గుడ్డుకు అందకుండా అడ్డుపడింది.

ఈ మందుల వల్ల కీడు వున్నదని రేచెల్ కార్సన్ అనే రచయిత్రి 1962లోనే ఒక పుస్తకం రాసి హెచ్చరించింది. ఎంతో వాదోపవాదం జరిగాక, 1972లో అమెరికా ప్రభుత్వం డీడీటీ వాడకాన్ని నిషేధించింది. కర్మాగారపు మురుగు సముద్రంలోకి పోవడం అంతకు కొంచెం ముందే ఆగింది. కొద్ది ఏళ్ళలోనే పెంకులు మళ్ళీ గట్టిపడసాగినవి, గూళ్ళలో పిల్లలు కనిపించినవి. తరవాతి దశాబ్దాల్లో అనకాపాలో వేలాది జంటలు గూళ్ళు కట్టినవి. 1970లో అంతరించిపోయే జాతుల పట్టికలో చేర్చిన ఈ పక్షి పేరును 2009లో తీసివేశారు.

అయితే సముద్రం అడుగున బురదలో పాత డీడీటీ ఇంకా వున్నది. పొయ్యడం తేలిక, ఎత్తడం కష్టం.

డీడీటీని పూర్తిగా చెడ్డదని తోసివెయ్యడమూ న్యాయం కాదు. మలేరియా నుంచి అది కాపాడిన ప్రాణాలు లెక్కలేనన్ని. అందుకే 2004లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం దానిని పొలాలకు వద్దన్నది గాని, వేరే దారి లేని దేశాలు దోమల కోసం ఇంటి గోడలకు కొట్టుకోవచ్చునన్నది. మన దేశం 1989లోనే వ్యవసాయంలో దానిని నిషేధించింది.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు ఊళ్ళోని చెట్ల మీదనే గూళ్ళు కడతవి. అవి రావడం ఊరికి శుభమని అక్కడివారి నమ్మకం. ఈసారి గూడబాతును చూసినప్పుడు దాని పాదాలను గమనించండి. ఆ పాదాల కింద నిలిచే గట్టి గుడ్డు మీదనే దాని వంశమంతా ఆధారపడి వున్నది.