జాడీలో ఆకుపచ్చ

ఆపరేషన్‌లో తీసిన కాలేయ కేన్సర్ గడ్డని కోసి ఫార్మలిన్ జాడీలో ఒక రాత్రి ఉంచితే, కొన్ని గడ్డలు తెల్లారేసరికి ఆకుపచ్చగా మారేవి. కేన్సర్ పట్టినా ఆ కణాలు పైత్యరసం తయారుచెయ్యడం మానలేదని దానర్థం. అందులోని పసుపు బిలిరుబిన్ ఫార్మలిన్‌లో ఆకుపచ్చ బిలివర్డిన్ అవుతుంది. నేను పాథాలజీలో పీజీ చేసిన 1980ల్లో మాకు అంతకన్నా గట్టి సాక్ష్యం దొరికేది కాదు. ఆ రంగు కనిపించగానే మా ప్రొఫెసర్‌గారి ముఖం తేటపడేది. "ఇది లివర్‌దే, ఎక్కణ్ణుంచీ వచ్చింది కాదు" అనేవారు.

సర్జికల్ వార్డు నుంచి వచ్చే ఫారాల మీద ఎప్పుడూ అదే ప్రశ్న ఉండేది. పేగులు, కడుపు, పాంక్రియాస్‌లలోని రక్తమంతా పోర్టల్ సిరలో పడి కాలేయానికే చేరుతుంది. ఆ అవయవాల్లో పుట్టిన కేన్సర్ కూడా అదే దారిన వచ్చి కాలేయంలో మకాం పెడుతుంది. కాలేయంలోనే పుట్టినదైతే కోసి తీసే ఆశ ఉంది, వలస వచ్చినదైతే మూలం వెతకాలి, మందులు వేరు. సూదితో తీసిన దారప్పోగు లాంటి ముక్కలో రంగుకి చోటెక్కడ? హెమటాక్సిలిన్, ఇయోసిన్ వేసిన స్లైడులో పైత్యపు చుక్క ఒక్కటైనా దొరుకుతుందేమోనని గంటలకొద్దీ వెతికేవాళ్లం.

రక్తంలో వెతకడానికి మాత్రం ఒక ప్రోటీన్ ఉండేది, ఆల్ఫా ఫీటోప్రోటీన్. గర్భంలోని శిశువు కాలేయం దాన్ని బోలెడంత తయారుచేస్తుంది, పుట్టాక ఆ పని దాదాపు ఆపేస్తుంది. ఏడాది తిరిగేసరికి రక్తంలో దాని జాడ నామమాత్రంగానే మిగులుతుంది. కాలేయ కేన్సర్ ఉన్న ఎలుకల్లో అది తిరిగొచ్చిందని 1963లో మాస్కోలో గారీ అబెలెవ్ చూశాడు. మరుసటి ఏడాది ఆస్త్రఖాన్‌లో యూరి తతారినోవ్ దాన్నే మనిషి రక్తంలో కనిపెట్టాడు. పుట్టకముందు చేసి వదిలేసిన పనిని కేన్సర్ కణం మళ్లీ ఎత్తుకుంటుందన్న సంగతి మొదటిసారి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఈ విద్య మీద నాకున్న ప్రేమంతా అక్కడే మొదలైంది.

మా దగ్గర ఆ పరీక్ష గాజు పలక మీద జరిగేది. అగార్ కరిగించి పలక మీద పోసి, గడ్డకట్టాక చిన్న గుంటలు చేసి, ఒకదాంట్లో రోగి సీరం, ఎదురుగుంటలో యాంటీసీరం వేసి, తడి దూది పెట్టిన డబ్బాలో రాత్రంతా ఉంచేవాళ్లం. ప్రోటీన్ ఉంటే రెండు గుంటల మధ్య సన్నటి తెల్లగీత పడుతుంది. లైటుకి అడ్డంగా పట్టుకుని, నల్లగుడ్డ వెనకపెట్టి చూడాలి. మిల్లీలీటరుకి వెయ్యి, రెండు వేల నానోగ్రాములుంటే తప్ప ఆ గీత పడదు. ఈ రోజుల్లో నాలుగు వందలు దాటితేనే ఎంతో పెద్ద అంకె. రాముసిరుమాబ్ అనే మందు పనికొచ్చేది ఆ నాలుగు వందలు, ఆపైన ఉన్నవాళ్లకేనని 2019లో తేలింది. అలాంటి మనుషులెందరికో మా పలక మీద గీత పడి ఉండదు. ఆ పలకలు ఇప్పుడు ఏ ల్యాబులోనూ లేవు. పోవలసినవే.

రక్తంలో ఏలిన ఆ ప్రోటీన్ కణజాలంలో నిలవలేకపోయింది. ఇమ్యునోపెరాక్సిడేజ్ పద్ధతి వచ్చాక, యాంటీబాడీని స్లైడు మీద వేసి, డీఏబీ అనే రసాయనంతో గోధుమరంగు తెప్పించి, ప్రోటీన్ ఎక్కడుందో కళ్లారా చూడగలిగాం. మొట్టమొదట వేసింది ఆల్ఫా ఫీటోప్రోటీన్‌కే. సగం కణితుల్లో కూడా రంగు పట్టేది కాదు, పట్టినా ఒక మూల మరకలా ఉండేది. సన్న ముక్కలో ఆ మూల రాకపోతే ఇక అంతే. మెల్లగా ఆ సీసాని తెప్పించడం మానేశారు.

అప్పటి చాకిరీ ఇప్పటి పిల్లలకి తెలియదు. ఫార్మలిన్ ప్రోటీన్లని బిగించేస్తుంది, వేడిచేస్తే గానీ యాంటీబాడీ వాటిలో చాలావాటిని పట్టుకోలేదు. 1990లలో మేము స్లైడుల్ని సిట్రేట్ బఫర్‌లో ముంచి, వంటింటి ప్రెషర్ కుక్కర్‌లోనే ఉడికించాం. మా సీనియర్ టెక్నీషియన్ కుక్కర్ ముందు నిలబడి, "మేడమ్, మాట్లాడించకండి, కూత తప్పిపోద్ది" అనేవారు. కాలేయంతో ఇంకో పేచీ ఉంది. దాని కణాల్లో బయోటిన్ ఎక్కువ. ఆ కాలపు కిట్లు బయోటిన్, అవిడిన్‌ల జతమీద నడిచేవి. దాంతో ఏ యాంటీబాడీ వేసినా కాలేయమంతా గోధుమరంగు తేలేది, ఏది నిజమో ఏది కాదో తెలిసేది కాదు. ముందుగా బయోటిన్‌ని కప్పేసి, పక్కన యాంటీబాడీ వెయ్యని స్లైడొకటి పెట్టుకుని, రెంటినీ పోల్చి చూసేవాళ్లం. పాలిమర్ కిట్లు వచ్చాక ఆ బాధ తీరింది.

పోయినవాటిలో నా మనసు ఎక్కువగా వెళ్లేది కుందేలు సీరం దగ్గరికి. సీఈఏ అనే ప్రోటీన్‌కి కుందేలులో తయారుచేసిన యాంటీసీరం అది, పాలీక్లోనల్. అందులో ఒక్క యాంటీబాడీ కాదు, ఎన్నో కలిసి ఉంటాయి. వాటిలో కొన్ని సీఈఏకి చుట్టమైన మరో ప్రోటీన్‌ని కూడా పట్టుకుంటాయి. అది కాలేయ కణాల మధ్య పైత్యం పారే సన్నటి సందుల గోడల్లో ఉంటుంది. స్లైడు మీద ఆ సీరం వేస్తే కణాల నడుమ గోధుమరంగు గీతలు కొమ్మలు కొమ్మలుగా పాకేవి, గోదావరి డెల్టా చేలల్లో నీళ్లు పారే బోదెల్లాగా. అది కనబడితే కణితి కాలేయానిదే. పేగు నుంచి వచ్చిన కేన్సర్‌లో అయితే కణమంతా రంగు పట్టేది గానీ ఆ బోదెలు రావు. తర్వాత ఒకే గుర్తుని పట్టుకునే మోనోక్లోనల్ సీఈఏ వచ్చింది. శుద్ధమైనది, ఖరీదైనది. దాన్ని వేస్తే బోదెలు మాయం! మాకు పనికొచ్చింది ఆ పాతదానిలోని కల్తీయేనని అప్పుడు అర్థమైంది. సీడీ10 అనే ప్రోటీన్‌కి వేసే యాంటీబాడీ కూడా అదే ఆకారం చూపిస్తుంది, ఆర్డరివ్వడం తేలిక, అందుకే కుందేలు సీరం వెనక్కి పోయింది. నాకిప్పటికీ ఆ పాత సీరం గీసిన గీతే స్పష్టంగా ఉండేదనిపిస్తుంది.

1993లో హెప్‌పార్-1 అనే యాంటీబాడీ వచ్చింది. కాలేయ కణాలన్నీ రవ్వరవ్వగా గోధుమరంగు తేలేవి. అది పట్టుకుంటున్న ప్రోటీన్ ఏదో తెలియకుండానే పదిహేనేళ్లు వాడాం. మైటోకాండ్రియాలో యూరియా తయారీని మొదలుపెట్టే ఎంజైమ్ అని 2008లో తేలింది. తర్వాత అదే యూరియా దారిలోని ఇంకో ఎంజైమ్, ఆర్జినేజ్-1, దాని పీట ఎక్కింది. బాగా చెడిపోయిన కణితులు హెప్‌పార్‌ని పోగొట్టుకున్నా దీన్ని చాలావరకు నిలుపుకుంటాయి.

పోతున్నవాటిలో ఇంకొకటి ఆర్సీన్ రంగు. 1974లో జపాన్‌లో షికాటా చూపించిన పద్ధతి. హెపటైటిస్-బి వైరస్ పైపొర ప్రోటీన్‌తో నిండిన కణాలు దానితో ముదురు గోధుమరంగు తేలతాయి. కణితి పక్కనున్న కాలేయంలో అలాంటి కణాలు గుంపులుగా కనిపించేవి, కేన్సర్‌కి మూలం ఏమిటో అదే చెప్పేది. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ దేశంలోనే తయారైన తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకా, షాన్‌వాక్-బి తెచ్చింది. పుట్టగానే టీకా పడ్డ పిల్లల కాలేయాల్లో ఆ గుంపులు చాలావరకు ఏర్పడవు. ఈ ఒక్క రంగు పూర్తిగా మరుగున పడాలని నేను మనసారా కోరుకుంటాను.

ఆఖరికి ముక్కలే రావడం తగ్గింది. సిరోసిస్ ఉన్న మనిషి సీటీలో గడ్డ ధమని దశలో వెలిగి, తర్వాతి దశలో మసకబారితే చాలు, సూది గుచ్చకుండానే చికిత్స మొదలుపెడుతున్నారు. రోగికి మంచిదే, రక్తస్రావం భయం లేదు. కానీ స్కాన్ తేల్చలేనివే ఇప్పుడు పాథాలజిస్టు దగ్గరికి వస్తాయి. అందులో కష్టమైనది రెండు సెంటీమీటర్లలోపు బుడిపె. సిరోసిస్ బుడిపేనా, కేన్సర్ మొదలైందా? దానికి మూడు ప్రోటీన్లు కలిపి చూస్తారు. మొదటిది గ్లిపికాన్-3, అది కూడా ఆల్ఫా ఫీటోప్రోటీన్ లాగే గర్భంలో ఉండి పెద్దయ్యాక పోయేదే. రెండోది హెచ్‌ఎస్‌పీ70. మూడోది గ్లుటమిన్ సింథటేజ్, మామూలు కాలేయంలో మధ్య సిర చుట్టూ ఒకటి రెండు వరుసల కణాల్లోనే ఉంటుంది, బుడిపె అంతా పరచుకుందంటే అనుమానించాలి. మూడింటిలో రెండు పట్టినా కేన్సర్ అనే రాస్తారు.

ఇప్పుడు ఆపరేషన్ చేసి తీసిన గడ్డకి సీకే19 కూడా వేస్తున్నారు. మామూలుగా అది పైత్యనాళాల కణాల్లో ఉండే ప్రోటీన్. కాలేయ కేన్సర్ కణాల్లో నూటికి అయిదు పట్టినా ఆ జబ్బు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. ఆ ఒక్క వాక్యం రిపోర్టులో ఉంటే, మా సర్జన్ ఆ మనిషిని తర్వాతి స్కాన్‌కి త్వరగా రమ్మంటారు.