టైర్లకూ చలికోటు కావాలి

టొరంటో వైపు కాపురముంటున్న అక్కచెల్లెళ్ళూ, అక్టోబరు వచ్చిందంటే మీ ఇంట్లోనూ టైర్ల గొడవేనా? అన్ని కాలాల టైర్లుండగా చలికాలానికి మరో నాలుగెందుకూ, దండగ అంటారు మావారు. మంచు పడని ఊరైతే సరే. తెల్లవారుజామున హైవే మీద రోజూ ఆఫీసుకెళ్ళే మనిషాయె! 7 డిగ్రీల కిందికి దిగితే ఆ రబ్బరు పేరుకున్న నెయ్యిలా గట్టిపడుతుంది. బ్రేకు వేసినా కారు ఆగదు, జారుతుంది. చలికాలపు టైరు మెత్తగానే ఉండి రోడ్డును పట్టుకుంటుంది. కొనేటప్పుడు టైరు పక్కన కొండ, అందులో మంచుపువ్వు బొమ్మ చూడండి. రెండు కాదు, నాలుగూ మార్చాలి. క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా ఇవి తప్పనిసరి. మా అంటారియోలో బలవంతం లేదుగానీ, 2016 నుంచి బీమాలో కాస్త తగ్గిస్తున్నారు. ఒక సెట్టు వాడుతుంటే రెండోది అరగదు కదా, ఇంక దండగెక్కడ? ఏప్రిల్‌లో మాత్రం మర్చిపోకుండా తీయించండి, ఎండకి త్వరగా అరిగిపోతాయి.